మామ్మగారి టొరీనో

ఇటలీలో కొన్నేళ్ళు ఉండి వచ్చానని తెలియగానే మా చుట్టాలు అడిగేది ఒకటే, పీసా టవర్ చూశావా అని. చూశాను. ఒరిగే ఉంది. దాని గురించి నా దగ్గర అంతకుమించి ఏమీ లేదు. తడిచెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలి, గాజు సీసాలు ఏ వేళప్పుడు పారేస్తే కింది వాటావాళ్ళు అరవరు, ఆగస్టులో బ్రెడ్డు ఎక్కడ దొరుకుతుంది, ఇలాంటివైతే గంటసేపు చెప్పగలను. అవి ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

2013 దసరాల ముందు మాస్టర్స్ చదవడానికి టొరీనోలోని (ఇంగ్లీషులో ట్యూరిన్) పొలితెక్నికోకి, అంటే అక్కడి ఇంజనీరింగు యూనివర్సిటీకి, వెళ్ళాను. చదువయ్యాక అక్కడే ఉద్యోగం దొరికింది. 2019లో హైదరాబాదు వచ్చేశాను. టొరీనో అంటే ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళకి యువెంటస్ గుర్తొస్తుంది, మా నాన్న వయసు వాళ్ళకి ఫియట్ కారు గుర్తొస్తుంది. 1861లో ఇటలీ ఒక దేశంగా ఏర్పడినప్పుడు మొదటి రాజధాని ఇదే. నాలుగేళ్ళకే ఆ హోదా ఫ్లోరెన్సుకి పోయింది. ఊళ్ళో రాజుల కాలం నాటి వసారాలు ఇంకా ఉన్నాయి, మొత్తం కలిపితే 18 కిలోమీటర్లట. వానాకాలం గొడుగు మర్చిపోయి క్లాసుకి వెళ్ళినా తడవకుండా తిరిగి రావచ్చు. గాలి వీచి ఆకాశం తేటపడిన రోజున పడమటి వైపు ఏ వీధి చివర చూసినా ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. మొదటి నెల ప్రతిసారీ ఆగి ఫోటో తీసేదాన్ని. తర్వాత బస్సు వస్తోందా లేదా అని మాత్రమే అటు చూసేదాన్ని.

ఇల్లు దొరకడమే పెద్ద టెన్షన్ అయింది. ఫోన్లో నా ఇటాలియన్ వినగానే “ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం” అనేవారు. అదే నంబరుకి మా క్లాసులోని ఇటాలియన్ అమ్మాయి చేసి అడిగితే ఖాళీగానే ఉందనేవారు. ఒకాయన మాత్రం దాపరికం లేకుండా, మీ వంట వాసన గోడలకి పట్టేస్తుంది అని చెప్పాడు. ఆయన మీద నాకు అంత కోపం రాలేదు. అబద్ధం చెప్పినవాళ్ళ మీదే వచ్చింది. చివరికి గుంటూరు నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్కతో కలిసి బోర్గో సాన్ పావోలోలో, లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు వాటా దొరికింది. అది పాత కార్మికుల పేట. యూనివర్సిటీకి నడిచి వెళ్ళిపోవచ్చు.

దిగిన కొత్తలో ఒక సాయంత్రం పప్పుకి పోపు పెడుతుంటే తలుపు తట్టారు. ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్ముకుని ఉంది. అక్క నా వైపు చూసి, “అయిపోయింది, వాసన గొడవ వచ్చింది, నువ్వే వెళ్ళు” అంది. తలుపు తీస్తే కింద మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ. ఏప్రన్ కట్టుకుని, చేతులకి పిండితో నిలబడి ఉంది. నాకు సగమే అర్థమైన ఇటాలియన్‌లో ఆవిడ అడిగింది ఇది: నూనెలో ఏం వేశావు, అంత చప్పుడు ఎందుకు చేస్తోంది? గిన్నె తెచ్చి చూపించాను. రెండు ఆవాలు వేలితో తీసి నోట్లో వేసుకుని నమిలి, ముఖం చిట్లించి, వెల్లుల్లి వేశావా అంది. వేశానన్నాను. అయితే సరే అన్నట్టు తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు మూతపెట్టిన పళ్ళెంలో పాస్తా ఉంది.

ఆవిడని ఎదురుగా సిన్యోరా అనేదాన్ని. ఇంట్లో మాత్రం అక్కా నేనూ మామ్మగారు అనే చెప్పుకునేవాళ్ళం. ఇల్లు దొరకడానికి మేం పడ్డ తిప్పలు ఒకరోజు ఆవిడకి చెబితే నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడదీ టొరీనో కాదు. దేశం అడుగున మడమలా కనిపించే పులియా ప్రాంతం. 1960ల మొదట్లో కొత్త పెళ్ళికూతురుగా, అట్టపెట్టెకి తాడు కట్టుకుని, రాత్రంతా రైల్లో కూర్చుని పొర్తా నువోవా స్టేషన్లో దిగిందట. వాళ్ళాయనకి ఫియట్ వారి మిరాఫియోరి ఫ్యాక్టరీలో పని. అప్పట్లో ఈ ఊళ్ళో ఇళ్ళకి “దక్షిణాది వారికి అద్దెకివ్వం” అని బోర్డులు ఉండేవి. దక్షిణాది వాళ్ళు స్నానాల తొట్టిలో బేసిలికో, మన తులసి లాంటి మొక్క, పెంచుతారని వెక్కిరించేవారట. “మా ఇంట్లో అప్పుడు తొట్టే లేదు, స్నానాలగది నాలుగు కుటుంబాలకి ఒకటి” అంది మామ్మగారు.

తర్వాత చదివితే లెక్కలు కళ్ళు తిరిగేలా ఉన్నాయి. 1951లో 7 లక్షల పైచిలుకు ఉన్న ఊరి జనాభా 1971కి 11 లక్షలు దాటింది. వచ్చినవాళ్ళలో చాలామంది దక్షిణ ఇటలీ పల్లెటూళ్ళవాళ్ళే. టొరీనో ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతం వాళ్ళు పైకి మర్యాద, లోపల కపటం అని మిగతా ఇటలీ అనుకుంటుంది, దానికొక సామెత కూడా ఉంది. నాకైతే ఆ కపటం ఎక్కడా కనిపించలేదు గానీ, అసలు టొరీనో వాళ్ళు నాకు ఎక్కువగా తగలనేలేదు. నాకు ఆ ఊళ్ళో బతకడం నేర్పినవాళ్ళందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే.

కాగితాల పని గురించి చెప్పకుండా ఇటలీ గురించి చెప్పడం కుదరదు. దేశంలో దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి అర్జీ పెట్టాలి. పోస్టాఫీసులో ఒక పెద్ద కవరు ఇస్తారు, నింపిన ఫారాలు అందులో పెట్టి మళ్ళీ పోస్టాఫీసులోనే ఇవ్వాలి. దానికి అంటించాల్సిన 16 యూరోల స్టాంపు మాత్రం పోస్టాఫీసులో ఇవ్వరు, సిగరెట్ల కొట్లో కొనుక్కోవాలి. వేలిముద్రలకి పిలుస్తారు, తర్వాత ఎదురుచూపులు. మొదటి కార్డు నా చేతికి వచ్చేసరికి దాని గడువు సగం పైనే అయిపోయింది. ఆ కార్డుని ఒక్కసారీ ఎవరికీ చూపించకుండానే రెన్యువల్ కవరు తెచ్చుకున్నాను. వైద్యం కోసం ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో చేరడానికి విద్యార్థులకి అప్పట్లో ఏడాదికి 149 యూరోల 77 సెంట్లు. ఆ 77 ఎలా లెక్కకట్టారో గానీ, కట్టాక మన పేరు మీద ఒక డాక్టరు ఉంటారు, వెళ్ళి చూపించుకుంటే ఫీజు అడగరు.

వీటన్నిటికన్నా ముందు కొదిచె ఫిస్కాలె అని పన్ను నంబరు ఇస్తారు. మన పాన్ కార్డులాంటిదే గానీ అది లేకుండా ఫోన్ సిమ్ము కూడా రాదు. మొత్తం 16 అక్షరాలూ అంకెలూ. ఇంటిపేరులోంచి మూడు హల్లులు, పేరులోంచి మూడు, తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. ఆడవాళ్ళకైతే తేదీకి 40 కలుపుతారు. పన్నెండో తారీఖున పుట్టిన నేను ఇటలీ ప్రభుత్వం లెక్కలో 52వ తారీఖున పుట్టాను. మా ఇంటిపేరులో రెండే హల్లులున్నాయి కాబట్టి మూడోదాని బదులు ఒక అచ్చుతో సర్దేశారు. అది చూసి అక్క, “మీ తాతలు పిసినారులు” అంది.

ఇంటి చిరునామా మునిసిపాలిటీలో నమోదు చేయించుకుంటే, నిజంగా అక్కడే ఉంటున్నామో లేదో చూడడానికి 45 రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు మునిసిపల్ పోలీసు వస్తాడు. ఎప్పుడో చెప్పడు. వచ్చిన రోజు నేను క్లాసులో ఉన్నాను. కింద గంట దగ్గర నా పేరు చూసి నొక్కి, ఎవరూ పలక్కపోతే వెనక్కి పోబోతుంటే మామ్మగారు బాల్కనీలోంచి ఆపిందట. పైకి రమ్మని, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, “ఆ పిల్ల ఉంటోందా లేదా అని నన్ను అడుగు, దాని వంట రోజూ నా ముక్కుకి తెలుస్తూనే ఉంది” అని చెప్పిందట. అతను మళ్ళీ వచ్చి నన్ను చూసే పోయాడు గానీ, రాగానే అడిగిన మొదటి మాట ఏం వండారు అనే.

కూరగాయలకి దగ్గర్లోనే కొర్సో రకోనీజి బజారు ఉండేది, వీధి పొడవునా కొట్లు. కూరలు కొంటే పార్స్లీ కట్ట కొసరు వేసేవారు, మన దగ్గర కరివేపాకు వేసినట్టు. కొత్తిమీర మాత్రం అక్కడ దొరికేది కాదు. ఇటాలియన్లకి ఆ వాసన పడదు. దానికోసం శనివారం పొర్తా పలాజ్జో వెళ్ళాలి. యూరప్‌లోని అతి పెద్ద ఆరుబయలు బజార్లలో అదొకటి. అక్కడ మొరాకో ఆడవాళ్ళు పుదీనా, కొత్తిమీర కట్టలు పెట్టుకుని కూర్చునేవారు. ఒకావిడ దగ్గరే ఎప్పుడూ కొనేదాన్ని. ఇద్దరికీ ఇటాలియన్ అంతంతమాత్రం. వేళ్ళతోనే బేరం, నవ్వులతోనే పలకరింపు. పక్క సందులో బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లో చింతపండు, కందిపప్పు, బెండకాయలు, గడ్డకట్టించిన మునక్కాడలు ఉండేవి. ఆ కొట్టతను మమ్మల్ని దీదీ అని పిలిచి, ఇలిష్ చేప తీసుకోమని తెగ బలవంతపెట్టేవాడు. అక్కది గుంటూరు, పెద్దగా పట్టించుకునేది కాదు. నాకు మాత్రం పులస గుర్తొచ్చి కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. ధర చూసి కదిలేదాన్ని.

ఇక బియ్యం. మాది మండపేట దగ్గర పల్లెటూరు. ఇటలీ అంటే పాస్తా, పిజ్జా అనుకుని బయలుదేరిన దాన్ని. మొదటి వేసవి రాకముందు, మే నెలలో పని మీద మిలాన్ వెళ్ళాల్సి వచ్చి మెల్లగా పోయే ప్యాసింజరు రైలు ఎక్కాను. కివాస్సో దాటాక కిటికీలోంచి చూస్తే మడుల నిండా నీళ్ళు. గట్లు, బోదెలు, తూములు, కొంగలు, అన్నీ ఉన్నాయి. నీళ్ళలో మంచుకొండ నీడ ఒక్కటే కొత్త. వెర్చెల్లి, నొవారా దాకా అదే దృశ్యం. అప్పటికప్పుడు వీడియో కాల్ చేసి ఫోను కిటికీకి ఆనించాను.

“ఇదెక్కడమ్మా, కొబ్బరిచెట్లేవి?” అన్నారు నాన్న.

“ఇటలీ నాన్నా. ఇక్కడ గట్ల మీద పోప్లార్ చెట్లు.”

“ఊడుపులు ఎప్పుడు?”

“ఊడ్చరు నాన్నా, మెషీన్లతో విత్తనాలు వెదజల్లుతారు.”

“దాళ్వా కూడా వేస్తారా?”

“చలికాలం మంచు పడుతుంది నాన్నా, ఒక్క పంటే.”

“ఒక్క పంటకేనా ఇంత హడావుడి” అన్నారు. కానీ వెర్చెల్లి దాటేదాకా ఫోను పెట్టలేదు.

ఆ నీళ్ళలో కొన్ని కవూర్ కాలవవి. కివాస్సో దగ్గర పో నదిలోంచి తవ్వి, 80 కిలోమీటర్ల పైన తీసుకెళ్ళారు. 1863లో మొదలుపెట్టి 1866లో పూర్తిచేశారు. ఈ సంగతి చెబితే నాన్న వెంటనే లెక్కవేశారు. మన ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1852కే కట్టేశాడు, మనమే ముందు అన్నారు. ఆ ఒక్క కాలవ వరకు నిజమే. అయితే ఆ ప్రాంతంలో అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచీ సాగు కాలవలున్నాయి. 1850 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు బేర్డ్ స్మిత్ అక్కడికి వచ్చి, వాటిని చూసి, ఇండియాలో పనికొస్తాయని పెద్ద నివేదిక రాశాడు కూడా. ఇది మాత్రం నాన్నకి చెప్పలేదు.

మెషీన్లు రాకముందు ఆ మడుల్లో కలుపు తీసింది, నాట్లు వేసింది ఆడకూలీలే. మొందీనె అనేవారు వాళ్ళని. వేరే జిల్లాల నుంచి రైళ్ళలో వచ్చి, మే చివరి నుంచి జూలై దాకా, మోకాలి లోతు నీళ్ళలో నడుం వంచి పనిచేసేవారు. కూలీ డబ్బులతో పాటు రోజుకి కిలో బియ్యం ఇచ్చేవారు. ఎనిమిది గంటల పనిదినం కోసం వెర్చెల్లి వైపు 1906లోనే సమ్మె చేశారు. మా నాయనమ్మ ఊడుపులకి వెళ్ళిన మనిషి. వీళ్ళ పాత ఫోటోలు, వెడల్పు టోపీలు, పైకి దోపుకున్న గౌన్లు, కాళ్ళకి అంటిన బురద చూసి, నేను పెద్ద చదువు చదువుకున్నాననే సంగతి కాసేపు మర్చిపోయాను.

వాళ్ళ బియ్యంతో మన వంట కుదుర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. ఒరిజినారియో రకం పొట్టి గింజ, ముద్దైపోతుంది, పెరుగన్నానికి అంతకన్నా మంచి బియ్యం లేదు. కర్నరోలీతో పొంగలి చేస్తే పాలు పీల్చుకుని కూడా గింజ విడిగానే నిలబడుతుంది. థాయ్‌బోనెట్ అని సన్నగా పొడుగ్గా ఒకటి అక్కడే పండుతుంది, పులిహోరకి అది. బియ్యం కొట్లో ఇవి అడిగితే ఏ రిసొత్తో చేస్తున్నావు సిన్యోరినా అనేవాళ్ళు. రిసొత్తో అంటే వాళ్ళ అన్నం వంటకం. పులిహోర గురించి ఒకసారి వివరించాక మళ్ళీ అడగలేదు.

మామ్మగారు మాత్రం అన్నీ అడిగేది. ఆవిడ ఒరెక్కియెత్తె అనే పాస్తా చేసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. గోధుమరవ్వ పిండి, నీళ్ళు, అంతే. గట్టిగా కలిపి, తాడులా పేని, వేలెడు వెడల్పున ముక్కలు కోసి, మొద్దు చాకు అంచుతో ఒక్కో ముక్కనీ బల్ల మీద తనవైపు లాగుతుంది. ముక్క చుట్టుకుంటుంది. దాన్ని బొటనవేలి మీదికి బోర్లించి తిప్పితే చిన్న డొప్ప తయారు. ఆవిడ వేళ్ళు ఆగేవి కావు, కళ్ళు టీవీ మీదే ఉండేవి. నేను చేసినవి పక్కన వేరే పళ్ళెంలో పెట్టించేది, కొడుకు వస్తే అవి కనపడకూడదని. చలికాలంలో చీమె ది రాప అని కాస్త చేదుగా ఉండే ఆకుకూర వస్తుంది. దాన్ని వెల్లుల్లి, ఎండుమిరప, ఉప్పులో ఊరిన చిన్న చేపలతో నూనెలో మగ్గించి ఇందులో కలుపుతారు. ఉప్పుచేప తిని పెరిగినదాన్ని, నాకు కొత్తేముంది.

వంకాయలు సన్నటి పేళ్ళుగా కోసి, ఉప్పేసి, రాత్రంతా బరువు కింద పెట్టి, పొద్దున నీరు పిండేసి, వెనిగర్‌లో వేసి, మళ్ళీ పిండేసి, వెల్లుల్లీ పుదీనా మిరపా వేసి నూనెలో ముంచి సీసాలకి ఎత్తేది. ఒక సీసా మాకు. బదులుగా అమ్మ పంపిన ఆవకాయ ఇచ్చాను, జాగ్రత్త అని మరీ చెప్పి. ఆవిడ దాన్ని రొట్టెముక్క మీద రాసుకుని తిని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచినీళ్ళు తాగి, నూనె బాగుంది అంది. సీసా మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చలి సంగతీ ఆవిడే నేర్పింది. భవనం మొత్తానికి ఒకటే బాయిలరు. అక్కడి రూలు ప్రకారం అక్టోబరు 15న వెలిగిస్తారు, ఏప్రిల్ 15న ఆర్పేస్తారు, రోజుకి 14 గంటలకి మించదు. అక్టోబరు మొదటివారంలో ఎంత వణికినా ఎవరూ ఏమీ చెయ్యరు. అందుకని ఆ వారమంతా పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికేవే వండుకో అని ఆవిడ సలహా. రాజ్మా, శనగలు ఆ వారంలోనే వండేవాళ్ళం.

ఆగస్టులో ఊరు ఊరంతా తాళం వేసుకుంటుంది, సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు. ఒకప్పుడు ఫ్యాక్టరీ మూతపడగానే దక్షిణాది వాళ్ళంతా రైళ్ళెక్కి సొంతూళ్ళకి పోయేవారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. షట్టర్ల మీద సెలవు కాగితాలు, ట్రాములు గంటకోటి, మందుల షాపులు వంతులవారీగా. వీధుల్లో ఎద్దు తల ఉన్న పచ్చ కుళాయిల్లోంచి నీళ్ళు మాత్రం ఆగకుండా పడుతూ ఉంటాయి. మామ్మగారు పులియా వెళ్తూ ఇంటి తాళాలు నాకిచ్చేది, బేసిలికో కుండీలకి నీళ్ళు పోయమని. మొదటి ఏడాది తాళాలిస్తూ, కొడుక్కి ఫోన్ చేసి ఫలానా పిల్లకి ఇచ్చాను అని నా ఎదురుగానే చెప్పింది. రెండో ఏడాది ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరులో టమాటా గుజ్జు సీసాలతో దిగేది. స్టేషన్ నుంచి నాలుగు సంచులు మోసేది నేనే.

నేను వచ్చేసే ముందు సామాన్లు పంచుతుంటే బియ్యం డబ్బాలు ఆవిడే తీసుకుంది. నాకు ఒక పాత మోకా కాఫీ గిన్నె ఇచ్చింది. 1933లో ఆ పీడ్‌మాంట్‌లోనే పుట్టిన వస్తువు అది. నేను అందులో చిక్కటి డికాషన్ తీసి పాలూ చక్కెరా పోసుకుంటానని ఆవిడకి తెలుసు. చాలాసార్లు చూసి తల పట్టుకుంది కూడా.

హైదరాబాదులో చీమె ది రాప దొరకదు. ముల్లంగి ఆకు, కొంచెం ఆవాకు కలిపి చేస్తాను, ఉప్పుచేప బదులు నెత్తళ్ళు. డొప్పలు ఇప్పుడు బాగానే కుదురుతున్నాయి. మా అత్తగారు వాటి మీద కందిపొడి చల్లుకుని, నెయ్యి వేసుకుని తింటారు. ఆ ఫోటో మామ్మగారి కొడుక్కి పంపాను. అమ్మకి చూపించనని రాశాడు.